రంగం కాదు మామ్మా, డానాంగ్

తొమ్మిది రోజుల ముందు, బరంపురం

ఢిల్లీ నుంచి కొరియర్ వచ్చింది. కవరు చింపి నా డిగ్రీ సర్టిఫికెట్ వెనక్కి తిప్పి చూస్తే భువనేశ్వర్‌లో వేసిన ముద్ర, దాని పక్కన విదేశాంగ శాఖ స్టిక్కరు, ఆ కింద వియత్నాం ఎంబసీ ముద్ర. మూడింటికీ కలిపి దాదాపు మూడు నెలలు పట్టింది. ఒరిజినల్ ఇల్లు వదిలిన రోజు నుంచి ఇవాళ్టి దాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎవరైనా నాలాగే వియత్నాం వెళ్ళి ఇంగ్లీషు చెప్పే ఆలోచనలో ఉంటే ఒక్క మాట, టికెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ కాగితాల పని మొదలుపెట్టండి. డిగ్రీ, 120 గంటల టెఫెల్ కోర్సు (ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పేది), పోలీస్ క్లియరెన్స్, మెడికల్, మన పాస్‌పోర్టు వాళ్ళకైతే పైనుంచి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష స్కోరు, ఇవన్నీ ఉంటేనే అక్కడ వర్క్ పర్మిట్, అది కూడా ఒకసారికి రెండేళ్ళు దాటి ఇవ్వరు.

మన పాస్‌పోర్టు వాళ్ళు అని విడిగా ఎందుకన్నానంటే, సగం ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని ఉంటుంది. అంటే అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల వాళ్ళని అర్థం. నేను ఆరేళ్ళుగా ఇక్కడ బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను, అయినా వీడియో ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న యాక్సెంట్ గురించే. ఒకాయన మాతృభాష ఏదన్నాడు. తెలుగు అన్నాను. మరి ఊరు ఒడిశా అని రాశారేం అన్నాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటొచ్చిందని, మా ఊళ్ళో ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా, టీవీలో హిందీ, బడిలో ఇంగ్లీషు అని చెప్పడం మొదలుపెట్టేసరికి ఆయన గడియారం చూసుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. పదకొండో ఇంటర్వ్యూలో వచ్చింది, డానాంగ్‌లో ఒక ఇంగ్లీషు సెంటరు, పెద్ద పిల్లలకి ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్ అన్నారు.

ఇంట్లో అందరికంటే ముందు మామ్మకి చెప్పాను. మామ్మకి వినికిడి తక్కువ, ఊహ ఎక్కువ.

"ఏటే, రంగం ఎల్తన్నావా?"

"రంగం కాదు మామ్మా, డానాంగ్."

"ఏదైతేనేటి, సముద్రం అవతలే కదా."

ఆరు రోజుల ముందు, గోపాలపూర్

మామ్మ పట్టుబట్టింది, వెళ్ళేముందు గోపాలపూర్ సముద్రానికి దండం పెట్టుకోవాలని. మా ఇంటికి పదహారు కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకుని మామ్మ, అమ్మ, నేను వెళ్ళాం. లైట్‌హౌస్ దాటి కాస్త నడిస్తే ఇసుకలో పాత జెట్టీ స్తంభాలు కొన్ని మిగిలి ఉంటాయి. మామ్మ వాళ్ళ అయ్య ఇక్కడే స్టీమరెక్కి రంగూన్ వెళ్ళాడట, అక్కడ బియ్యం మిల్లులో పని. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఆ రోజుల్లో జనం గుంపులు గుంపులుగా వెళ్ళేవాళ్ళు, మా ఇళ్ళల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు దాన్ని రంగం అనే అంటారు. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వచ్చినప్పుడు ఆయన అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చాడు, మామ్మ ఆ తర్వాతే పుట్టింది. ఆ నడక గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ ఏమీ చెప్పలేదట, కాకపోతే చచ్చేదాకా చెప్పులు తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవాడట.

ఒడ్డున నోలియాలు వల విడదీస్తున్నారు. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలంటారు గానీ అందరూ మన తెలుగు జాలర్లే. మామ్మ ఒకతన్ని ఆపి, మా పిల్ల రంగం ఎల్తంది అని చెప్పింది. అతను నన్ను ఎగాదిగా చూసి, పడవలోనేటి అన్నాడు.

రెండు రోజుల ముందు

సామాన్లు. ఆవకాయ రెండు సీసాలు, అప్పడాలు నాలుగు కట్టలు (బరంపురం నుంచి వెళ్తూ అప్పడాలు లేకుండా వెళ్తే ఊరికే పరువు తక్కువ), మామ్మ పెట్టిన పట్టుచీర ఒకటి. అది అక్కడ ఎక్కడ కట్టుకుంటానో తెలియదు. అమ్మ సీసా మూతల చుట్టూ టేపు వేసి, పైన ప్లాస్టిక్ కవరు, దాని పైన పాత తువ్వాలు చుట్టింది. మావయ్య వచ్చి ఎత్తి చూసి ఇరవై ఎనిమిది కిలోలు ఉంటుందన్నాడు. కాటా వేస్తే ఇరవై ఎనిమిదిన్నర. రెండు కట్టల అప్పడాలు, ఒక గ్రామరు పుస్తకం తీసేశాం. అప్పడాలు తీసినందుకు అమ్మ మొహం ముడుచుకుంది.

ప్రయాణం

రాత్రి రైల్లో హౌరా, దాదాపు 600 కిలోమీటర్లు. ప్లాట్‌ఫారం మీద ఏడవకూడదనుకున్నాను, మావయ్య ఏడ్చేశాడు. కోల్‌కతా నుంచి హనోయ్‌కి నేరుగా విమానం ఉంది, హౌరా రైల్లో పట్టిన దాంట్లో మూడో వంతు కూడా పట్టలేదు. హనోయ్‌లో నాలుగు గంటలు కుర్చీలో కూలబడి, ఇంకో విమానం.

మొదటి రోజు, డానాంగ్

విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉంది. బయటికి రాగానే ఆ వేడి, ఆ ఉప్పు తేమ, ఒంటికి చొక్కా అంటుకుపోవడం, అంతా గోపాలపూరే. ఇంతదూరం వచ్చింది దీనికా అనిపించింది ఒక్క క్షణం. మనకంటే గంటన్నర ముందుంటారు, నేను ఫోన్ చేసేసరికి అమ్మ ఇంకా కాఫీ తాగుతోంది.

గది ఒక సందులో, రెండో అంతస్తులో. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి, ఇంగ్లీషు రాదు, నాకు వియత్నామీస్ రాదు. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నా పేరు కాదు, వయసు. ఇరవై తొమ్మిది అన్నాను. ఆవిడ తలూపి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "బాక్" అంది, నా వైపు చూపించి "చావ్" అంది.

పెద్దమ్మ, పిల్ల.

రెండో రోజు

ఆ బాక్ సంగతి ఇవాళ అర్థమైంది. వీళ్ళ భాషలో నేను, నువ్వు అనే చోట వరసలే వాడతారు. అమ్మానాన్నల కంటే పెద్దవాళ్ళయితే బాక్, అంటే పెదనాన్న అయినా పెద్దమ్మ అయినా అదే. నాన్నకి తమ్ముడి వరసయితే చూ, చెల్లెలి వరసయితే కో. అక్క చి, అన్న ఆన్, చిన్నవాళ్ళెవరైనా ఎమ్. వయసు తెలియకపోతే వాక్యమే మొదలవ్వదు, అందుకే అడుగుతారు. వియత్నాంలో అందరూ వయసు అడిగి ఇబ్బంది పెడతారని ఆ ఏడు దేశాల వాళ్ళు రాసింది నేను చాలా చోట్ల చదివాను. నాకైతే బరంపురం బడాబజార్‌లో కూరలావిడ "ఎవరమ్మాయివే నువ్వు" అని అడిగినట్టే ఉంది.

ఇంకోటి. ఆడ టీచర్ని కూడా కో అనే పిలుస్తారు. అంటే నేను ఈ ఊరి పిల్లలందరికీ మేనత్తనన్నమాట. ఫోన్‌లో ఈ మాట చెబితే అమ్మ, "అయితే కట్నాలు పెట్టాలి జాగ్రత్త" అంది.

డబ్బు విషయంలో మొదటి రోజే కళ్ళు తిరుగుతాయి. మన రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. నూడుల్స్ గిన్నె నలభై వేలు. ఇరవై వేల నోటూ నీలమే, అయిదు లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. కాఫీ బండి దగ్గర ఇరవై వేలనుకుని అయిదు లక్షలది ఇచ్చాను. ఆవిడ నోటు నా కళ్ళ ముందు పెట్టి సున్నాలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టించింది, ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు.

మూడో రోజు

సెంటరుకి వెళ్ళాను. టెన్షన్‌తో అరగంట ముందే వెళ్ళాను. ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్ ఇవ్వలేమన్నారు. పెద్ద పిల్లల తల్లిదండ్రులు "ఫారిన్ టీచర్" అంటే ఒక రకంగా ఊహించుకుంటారు, మీరు అర్థం చేసుకోవాలి అన్నాడు మేనేజరు, చాలా మర్యాదగా. ఆరేడేళ్ళ పిల్లల క్లాసులు ఇస్తారు, గంటకి ఇచ్చేది కొంత తగ్గుతుంది. అర్థం చేసుకున్నాను. బరంపురంలో ఇదే మాట ఇంకో రకంగా విన్నాను, ఒక బడిలో ఇంటర్వ్యూకి వెళ్తే "మీరు తెలుగువాళ్ళు కదా, ఒడియా పిల్లలు అలవాటు పడతారా" అన్నారు. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు మీ ఖే బీచ్ మీదుగా నడిచాను. కోపం సగం దూరంలో పోయింది, మిగతా సగం ఆకలి తినేసింది. రోడ్డు పక్కన ఒకామె బియ్యప్పిండిలో పసుపు కలిపి పెనం మీద పోస్తోంది, మధ్యలో రొయ్యలు, మొలకలు. బాన్ సియో అంటారు. సియో అంటే పెనం మీద పిండి పడ్డప్పుడు వచ్చే చప్పుడట, మన చుయ్ అన్నమాట. చుయ్యట్టు. అరిటాకు లేదు గానీ ఆకుల్లోనే చుట్టి, నూక్ మామ్‌లో ముంచి తినాలి. నూక్ మామ్ అంటే నెత్తళ్ళు, ఉప్పు తొట్టెల్లో వేసి ఏడాది దాకా ఊరబెట్టి దించిన రసం. వాసనకి పక్క టేబుల్ యూరప్ అమ్మాయి ముక్కు మూసుకుంది. గోపాలపూర్‌లో ఎండుచేపలు ఆరబెట్టే చోట పెరిగినవాళ్ళకి ఇది పండగ వాసన.

అయిదో రోజు

మొదటి క్లాసు. సాయంత్రం అయిదున్నరకి పద్నాలుగు మంది, చెప్పులు గుమ్మం బయట విప్పి వరసగా పెట్టి వచ్చారు. "హలో టీచా" అని ఒక్కసారి అరిచారు. టీచర్‌లో ర లేదు, పర్లేదు అనుకున్నాను. కార్డు చూపించాను. రైస్. "రై." హౌస్. "హౌ." ఫైవ్. "ఫై." బస్. "బా." పద్నాలుగు మందిలో ఒక్కరికి కూడా చివరి చప్పుడు రాదు. వాళ్ళ భాషలో మాట చివర ప, ట, క, మ, న లాంటివి కొన్నే వస్తాయి, అవి కూడా నోట్లోనే ఆగిపోతాయి. స అయితే ఎప్పుడూ రాదు. కోర్సులో నేర్పినట్టు పాములాగా స్‌స్‌స్ అనిపించాను. విడిగా పాములాగా బ్రహ్మాండంగా అన్నారు. మాటలో పెట్టేసరికి మళ్ళీ "రై".

రాత్రి గదిలో పడుకుని ఇదే ఆలోచన. మా బడిలో నా బాధ సరిగ్గా దీనికి తలకిందులు. తెలుగు పిల్లలు బస్సు, రైసు, హౌసు అంటారు, ఒడియా పిల్లలు చివర ఒ కలుపుతారు, ఎందుకంటే మా రెండు భాషల్లోనూ మాట ఎక్కువగా అచ్చుతోనే అయిపోతుంది, హల్లు మీద ఆగడం మాకు చేతకాదు. ఆరేళ్ళు ఆ ఉ కత్తిరించడానికి నోరు నొప్పి పుట్టేలా అరిచాను.

పన్నెండున్నరకి లేచి కూర్చున్నాను. వీళ్ళకి ఆ ఉ ఇస్తే?

ఏడో రోజు

ఇచ్చాను. రైస్ అనలేదు, అచ్చం మా మామ్మ అన్నట్టు "రైసు" అన్నాను. రై, సు. చేతులు రెండుసార్లు తట్టాను. పిల్లలు రై, సు. స వచ్చింది! ఎందుకంటే ఇప్పుడది మాట చివర లేదు, ఇంకో ముక్క మొదట్లో ఉంది, అక్కడ స వాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. హౌ, సు. బ, స్సు. తర్వాత ఆ ఉ ని గొంతు తగ్గించి గుసగుసగా, ఆ తర్వాత నోరు మాత్రమే కదిలించి, చివరికి అదీ లేకుండా. నలభై నిమిషాల్లో తొమ్మిది మంది "రైస్" అన్నారు. ముందు బెంచీలో పాపకి మాత్రం ఉ తెగ నచ్చేసింది, అది వదలనంటుంది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి, సు అన్నప్పుడల్లా ఈల వస్తుంది, దానికి తనే మురిసిపోతుంది.

వెనక కుర్చీలో కూర్చున్న వియత్నామీస్ అసిస్టెంట్ క్లాసయ్యాక అడిగింది, ఈ పద్ధతి ఏ పుస్తకంలోది కో అని. మా ఊరిది అన్నాను.

ఎనిమిదో రోజు

వాన. ఆవకాయ సీసా తెరిచాను. ఏమీ కారలేదు, అమ్మ టేపుకి దండం.

తొమ్మిదో రోజు

ఇంటావిడ నాకు భాష నేర్పుతోంది. "మ" అనే ఒక్క ముక్కని ఆరు స్వరాల్లో పలికితే ఆరు మాటలు: దెయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరినారు. నేను వరినారు అంటాను, ఆవిడ సమాధి వింటుంది. ఈ సాయంత్రం ఒక పిల్లాడి వాళ్ళమ్మని మర్యాదగా అమ్మా అని పిలుద్దామనుకుని దెయ్యమా అని పిలిచాను. ఆవిడ అయిదు సెకన్లు నన్ను చూసి పడీ పడీ నవ్వింది. లిపి మనకి తెలిసిన ఇంగ్లీషు అక్షరాలే, పోర్చుగీసు, ఫ్రెంచి పాదరీలు దిద్దిపెట్టిన లిపి, 1651లోనే దాంతో నిఘంటువు అచ్చయింది. చదవగలుగుతున్నాం కదా అని ధైర్యం వస్తుంది, అదే కొంప ముంచుతుంది.

పన్నెండో రోజు, మీ సన్

సెలవు. బస్సులో డెబ్బై కిలోమీటర్ల దాకా వెళ్ళాను. మీ సన్ అంటే ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజుల శివాలయాలు, నాలుగో శతాబ్దం నుంచి దాదాపు వెయ్యేళ్ళు కడుతూనే ఉన్నారు. మొదటి గుడి కట్టించిన రాజు భద్రవర్మ, దేవుడికి భద్రేశ్వరుడని తన పేరే కలిపి పెట్టుకున్నాడు. కొండల మధ్య ఎర్ర ఇటుక గోపురాలు, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత కూడా కనపడదు. అన్నిటికంటే పెద్ద గోపురం 1969లో అమెరికా బాంబులకి కూలిపోయింది, ఇప్పుడక్కడ గడ్డి పెరిగిన దిబ్బ. కొన్ని గుళ్ళని మన పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి బాగుచేశారు, 2020 మేలో ఆ పనిలోనే ఏకశిల శివలింగం ఒకటి బయటపడింది.

ఆ లింగం ముందు గైడు కొరియా వాళ్ళకి ఏదో చెబుతున్నాడు. నాకు ముఖలింగం గుర్తొచ్చింది, వంశధార ఒడ్డున శివరాత్రి జనం, మామ్మ నా జబ్బ పట్టుకుని తోసుకుంటూ వెళ్ళడం. ఇక్కడ తోపు లేదు, దీపం లేదు, తాడు కట్టి ఉంది. చెప్పులు విప్పాను. గైడు చూసి, అవసరం లేదు మేడమ్ అన్నాడు. నాకు అవసరమన్నాను, ఇంగ్లీషులోనే, ఎందుకో కొంచెం గట్టిగానే.

పదిహేనో రోజు

శనివారం రాత్రి డ్రాగన్ బ్రిడ్జి. 666 మీటర్ల పసుపు రంగు డ్రాగన్ హాన్ నది మీద పాకుతున్నట్టు కట్టారు, 2013లో. వారాంతంలో రాత్రి తొమ్మిదికి నోట్లోంచి నిప్పులు, తర్వాత నీళ్ళు కక్కుతుంది. నిప్పుకి జనం ఆహా అన్నారు, నీళ్ళకి పరిగెత్తారు. నేను తడిసిపోయాను. ఒకసారి చూడొచ్చు.

పదిహేడో రోజు

పొద్దున్నే ఒడ్డున బుట్టపడవలు చూశాను. గుండ్రంగా, మన కృష్ణలో వాడే పుట్టిలాగే ఉంటాయి, కాకపోతే వీళ్ళు వీటిని సముద్రం మీదికే తోస్తారు. వెదురు బద్దలతో అల్లి, సందుల్లోకి ఆవుపేడ గట్టిగా పట్టించి, ఎండాక చెట్టు జిగురునూనె పూస్తారు. ఫ్రెంచివాళ్ళు పడవల మీద పన్ను వేస్తే, ఇది పడవ కాదు బుట్ట అని చెప్పడానికి ఇలా చేశారని ఒక కథ చెబుతారు. ఒక ముసలాయన ఒకే తెడ్డుతో బుట్ట ముందు నీళ్ళని ఎనిమిది అంకెలా తిప్పుతూ అలలోకి వెళ్ళిపోయాడు. వీడియో తీసి అమ్మకి పంపాను. మామ్మ చూసి, పేడ అలికేరు అంటే మనోళ్ళే అని తేల్చేసింది.

పంతొమ్మిదో రోజు

తుఫాను వస్తోందట, రేపు రాత్రికి. అక్టోబరు కదా. అక్కడా ఇక్కడా ఒకటే నెల. మాకు 2013 అక్టోబరు 12న ఫైలిన్ సరిగ్గా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, చెట్టంటూ నిలవలేదు, కరెంటు ఎప్పుడొచ్చిందో కూడా గుర్తులేదు. ఇంటావిడకి 2006 అక్టోబరు మొదట్లో వచ్చింది గుర్తు. ఇద్దరం యాప్‌లో తుఫాను కథలు చెప్పుకున్నాం, యాప్‌కి గాలి అన్నప్పుడల్లా ఏదో తప్పు అర్థమవుతోంది.

పొద్దున్నుంచి సందులో అందరూ రేకుల కప్పుల మీదికి ఇసుక సంచులు ఎక్కిస్తున్నారు. నేనూ పట్టాను. ఇంటావిడ కింద నుంచి అందిస్తుంది, నేను నిచ్చెన మీద, ఆవిడ మేనల్లుడు పైన. సంచి నిండా నింపకూడదు, సగం నింపి చదునుగా పరిస్తేనే కప్పుని పట్టి ఉంచుతుంది. పద్దెనిమిది సంచులు. భుజాలు పోయాయి.

అమ్మ ఫోన్ చేసింది, మామ్మ లాక్కుంది. "బాల్చీల్నిండా నీళ్ళు పట్టు. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో పెట్టు. అటుకులున్నాయా?" అటుకులు లేవు, అప్పడాలున్నాయన్నాను. "అప్పడాలు ఏటి సేసుకుంటావు, కరెంటు లేకపోతే?" అని కాసేపు ఆగి, "సెప్పులు తలగడ పక్కనెట్టుకో" అంది.

సాయంత్రం క్లాసులు రద్దని మెసేజ్ వచ్చింది. ఎనిమిది దాటాక ఇంకోటి, ముందు బెంచీ పాప వాళ్ళమ్మ ఫోన్ నుంచి వాయిస్. వెనకాల గాలి, ఎవరో కిటికీకి టేపు చింపుతున్న చప్పుడు, తర్వాత గట్టిగా, ఒక్కో ముక్కా విడదీసి, ఈలతో సహా:

"టీచా! యూ స్టే ఇన్ హౌసు! నో బస్సు!"

నేను మూడుసార్లు విన్నాను. ఆ ఉ ని వచ్చేవారం తీసెయ్యాలి.